కొత్త కాలనీ యాభై ఎనిమిది ఇళ్ళను ‘సి’ గ్రేడులోకి దించవలసిందిగా కోరుతూ

ఏలూరు,
తేదీ: 12-11-2024.

స్పెషల్ ఆఫీసర్ గారి సమక్షమునకు,
పాత కాలనీల పునర్నిర్మాణ పథకం,
ఏలూరు.

అయ్యా,

విషయం: ఏలూరు శివారు, కైకలూరు రోడ్డు, కొత్త కాలనీలోని 58 ఇళ్ళను ‘ఎ’ గ్రేడు (నివాసయోగ్యం) నుండి తొలగించి ‘సి’ గ్రేడు (శిథిలం)లో చేర్చుట – జాబితా ముగియు తేదీ 28-11-2024 లోగా పునఃపరిశీలనకు రావలసిందిగా – ముందు కబురు లేకుండా రావలసిందిగా – ప్రార్థించుట గురించి.

సూచిక: 1. తమ సిబ్బంది తే. 19-06-2024న జరిపిన ఇంటింటి సర్వే.
2. నేను తే. 02-09-2024న సమర్పించుకున్న అర్జీ.
3. దానిపై తమ కార్యాలయం తే. 21-10-2024న ఇచ్చిన జవాబు, దానికి జతపరచిన ఫోటో.

పై విషయమై, ఇంటి నెంబరు 31లో నివసించు ముంగర జోగారావు, వయస్సు 54, వృత్తి సున్నాలు మరియు రంగులు వేయుట, సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు కొత్త కాలనీ కొత్తది కాదని మొట్టమొదట మనవి చేయుచున్నాను. నలభై ఏళ్ళ క్రితం కొల్లేరు పొంగి మా లంక ఊరు పీకల్లోతు మునిగిన ఏడాది, మమ్మల్ని పడవల మీద తెచ్చి ఈ పల్లపు చేలో దించి, ఇళ్ళు కట్టించి ఇచ్చారు. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. ముందు గది, వెనక గది, వంటగది, పైన స్లాబు. అంతకు ముందు స్లాబు కింద పడుకున్నవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. నెత్తిమీద అంత బరువు పెట్టుకుని నిద్ర ఎలా పడుతుందని మా నాన్న వారం రోజులు వీధిలోనే మంచం వేసుకున్నాడు. తరవాత అలవాటు పడ్డాడు. పేరు మాత్రం కొత్త కాలనీ అనే ఉండిపోయింది. పేరు మార్చమని నేను అడగడం లేదు.

2. సదరు ఇళ్ళ ప్రస్తుత పరిస్థితి ఈ క్రింది విధముగా నున్నది. స్లాబులలోని ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, అడుగున సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడుచున్నది. ఎదుట రోడ్డు మూడు పర్యాయములు ఎత్తు చేయబడినది. ఇళ్ళు ఎత్తు చేయబడలేదు. కావున పూర్వం మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళుతున్నాం. వాన పడితే మురుగునీరు కూడా మాతోపాటే దిగుతుంది. అప్పట్లో యాభై ఎనిమిది కుటుంబాలకి యాభై ఎనిమిది ఇళ్ళు. ఇప్పుడు అవే ఇళ్ళలో నూట ముప్పై ఒక్క కుటుంబాలు కాపురం చేయుచున్నవి.

ఉదాహరణకు నా పక్కిల్లు, ముప్పయ్యో నెంబరు. అందులో ప్రభావతి అక్క, ఆవిడ ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ముగ్గురు పిల్లలు ఉంటారు. వెనక గదికి అడ్డంగా పాత చీర కట్టి రెండు గదులు చేసుకున్నారు. చిన్నకోడలికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డ కోసం ఆ చీర ఎటువైపు జరపాలా అని మొన్న అత్తాకోడళ్ళు అరగంట మాట్లాడుకున్నారు. గోడ పలచన కనుక నాకు వినపడింది. ఏ నిర్ణయానికీ వచ్చినట్టు లేదు.

3. తమ పథకం నియమావళి ప్రకారం, ఏ కాలనీలో సగానికి పైగా ఇళ్ళు ‘సి’ గ్రేడులో ఉన్నచో ఆ కాలనీ మొత్తమును తొలగించి, నేల ఎత్తు చేసి, మేడ వేసి, కుటుంబానికొక వాటా చొప్పున కట్టించి ఇవ్వబడును. ఈ సంగతి మా కాలనీ పెద్ద నాగేశ్వరరావు గారికి సర్వేకి పది రోజుల ముందే తెలుసు. నాకూ తెలుసు. మా ఆవిడ నాగరత్నం అయితే అప్పుడే వాటా కూడా ఎంచుకుంది. పైవాటా కావాలంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నీళ్ళు ఎప్పుడు ఇంట్లోకి వస్తాయా అని చూస్తూనే వండుకుంది కాబట్టి, నీళ్ళెక్కని ఎత్తున ఒక్క పూటైనా వండుకోవాలని ఆవిడ కోరిక. ఇన్ని తెలిసి కూడా మేము చేసిన పని ఏమిటంటే, యాభై ఎనిమిది ఇళ్ళకూ సున్నం వేశాం.

ఇది చదివి తమరు నవ్వవచ్చు. తమ కార్యాలయంలో గుమాస్తా గారు నవ్వారు. కావున వివరణ ఇచ్చుకొనుచున్నాను.

మా లంకలో ఏటా నీళ్ళు వచ్చేవి, ఏటా తీసేవి. తీసిన తరవాత గోడల మీద నడుం ఎత్తున బురద గీత మిగిలేది. ఆ గీత ఆరకముందే సున్నం వేసేవాళ్ళం. పొయ్యి వెలిగినా వెలగకపోయినా ముందు సున్నం. ఎందుకంటే నీళ్ళు తీసిన వారానికల్లా చేపల షావుకార్లు పడవలేసుకుని దిగేవారు. గోడ మీద గీత ఎంత ఎత్తున ఉందో చూసి, వీళ్ళు ఎంత మునిగారో, ఎంత అవసరంలో ఉన్నారో పోల్చుకుని, అంతకంత ధర దించేవారు. గీత లేకపోతే వాళ్ళకి ఏమీ అంతుబట్టేది కాదు. వచ్చిన మనిషిని తెల్లటి గోడ ముందు కూర్చోబెట్టి, కొర్రమేను పులుసుతో అన్నం పెట్టి, “మాకేం లోటండీ” అని, ఆ తరవాతే బేరంలోకి దిగేవాళ్ళం. పరాయి మనిషికి నీటి గీత చూపించకూడదు. మా అమ్మ నాకు మొదట ఈత నేర్పింది, రెండోది ఇదే నేర్పింది.

లంక వదిలి నలభై ఏళ్ళయింది. ఆ షావుకార్లు పోయారు. మాలో వల వేసేవాళ్ళు కూడా లేరు. చేపల చెరువుల మీద మేత వెయ్యడానికి, కాపలాకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, అంతే. కానీ ‘ఆఫీసర్లు వస్తున్నారు’ అన్న మాట చెవిన పడగానే కాళ్ళు వాటంతట అవే సున్నం బకెట్టు దగ్గరికి నడిచాయి.

నాగేశ్వరరావు గారు మా ఇంటికి వచ్చి, “జోగారావ్, పెద్దోళ్ళొస్తున్నారు. కాలనీ పరువు నీ చేతిలో ఉందయ్యా” అన్నారు.

“ఇళ్ళు ఎంత పాడైపోయాయో చూడ్డానికే కదండీ వస్తున్నారు” అన్నాను.

“చూడనీ. చూడొద్దన్నానా? అయినా ఇంటికొచ్చినోళ్ళకి పెచ్చులూడిన గోడలు చూపిస్తావా? వాళ్ళు ఇంజనీర్లు. సున్నం వెనకాల ఉన్నది వాళ్ళకి తెలీదా ఏంటి?” అన్నారు.

నాకు అది సబబుగానే తోచింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వెళతాం కదా, రోగం సంగతి డాక్టరు చూసుకుంటాడు, ఇదీ అంతే అనుకున్నాను.

నేనూ, ఇంకో నలుగురూ కలిసి తొమ్మిది రోజుల్లో యాభై ఎనిమిది ఇళ్ళు పూర్తి చేశాం. నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. అత్తిలి, ఉండి, తాడేపల్లిగూడెం, నల్లజర్ల దాకా పెళ్ళివారి ఇళ్ళకి రంగులు వేశాను. తమ కార్యాలయం ముందు గోడ కూడా నేను వేసినదే. (ఆ గోడ ఈశాన్యం మూల చెమ్మ ఉన్నది. అది ఈ అర్జీకి సంబంధించినది కాదు.) కానీ ఆ తొమ్మిది రోజులు వేసినంత బాగా నేనెప్పుడూ వెయ్యలేదు. బీటల్లో పుట్టీ కూరాను, గరుకు కాగితంతో రుద్దాను, పైన రెండు కోట్లు వేశాను. చేత్తో తడిమి చూసినా తెలిసేది కాదు. గొప్పకి చెప్పుకోవడం లేదు, ఒప్పుకుంటున్నాను.

4. తే. 19-06-2024 ఉదయం పదిన్నర గంటలకు శ్రీ ఫణికిరణ్ గారు అను ఇంజనీరు ఇద్దరు సిబ్బందితో విచ్చేసి సర్వే జరిపియున్నారు. వారి వయస్సు పాతికకు మించదు. వారి తప్పు ఏమియు లేదని ఇందుమూలముగా మనవి. యాభై ఎనిమిది ఇళ్ళలోనూ కూర్చోమన్నారు, ఏదో ఒకటి తాగమన్నారు. పదో ఇంటికే “చాలండీ, ఇంక పట్టదండీ” అని దణ్ణం పెట్టడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ప్రభావతి అక్క ఇంట్లో ఆకులు వేశారు. కొర్రమేను పులుసు, రొయ్యల వేపుడు, గోంగూర, గడ్డ పెరుగు. ఆ ఎండలో అంత భోజనం చేసినవాడు తలెత్తి స్లాబులు చూడగలడా అని తమరే ఆలోచించగలరు.

భోజనం అయ్యాక వచ్చింది మా ఇంటికే. పాపం, ఆ అబ్బాయి వంటగది గుమ్మం దగ్గర బూట్లు విప్పబోయారు. నాగరత్నం కంగారు పడిపోయి, “అయ్యో, వద్దు బాబూ, ఎందుకండీ వంగడం, అక్కడ్నించే చూసేయండి, కనపడుతుంది కదా” అంది. అక్కడి నుంచే చూశారు. పైకి చూసి, “చాలా బాగా మెయింటెయిన్ చేశారండి” అన్నారు. ఫోటో తీసుకున్నారు. ఆ మాట నాకు ఆ రోజంతా తియ్యగా ఉంది. ఇప్పటికీ ఆ మాట చెవిలో ఉంది గాని తీపి లేదు. చేదు కూడా లేదు.

యాభై ఎనిమిది ఇళ్ళకూ ‘ఎ’ గ్రేడు వచ్చినది.

5. ఈ అంశము మొదటి అర్జీలో రాయలేదు. ఇప్పుడు రాయుచున్నాను.

మా వంటగది స్లాబుకి మూడేళ్ళుగా పెద్ద బీట ఉంది. ఆ బీట చూసి నాగరత్నం పొయ్యి పెరట్లోకి మార్చేసింది. మూడేళ్ళూ రేకు కిందే వండింది. వానాకాలం గొడుగు పట్టుకుని చారు కాచింది. గిన్నె కోసమో డబ్బా కోసమో వంటగదిలోకి వెళ్ళినా ముందు పైకి చూసి వెళ్ళేది, తీసుకుని వెంటనే వచ్చేసేది. నేను ఎగతాళి చేసేవాణ్ణి కూడా.

సర్వే కోసం ఆ బీట పూడ్చి, వంటగదికి లేత నిమ్మపండు రంగు వేశాను. ఆ రంగు ఆవిడ అడిగినదే. ఆరాక లోపలికి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, “ఏవండీ, ఎంత బాగుందో! పెళ్ళివారి ఇల్లులా ఉంది” అంది. ఇంజనీరు గారు వచ్చి వెళ్ళిన మర్నాడు, “ఆయనే బాగుందన్నారు కదా, ఇంకా ఆ పెరట్లో ఎందుకండీ” అని పొయ్యి మళ్ళీ లోపలికి మార్చింది. గ్యాసు బండ జరిపినది నేను. బీట కనపడుతూ ఉన్నంత కాలం ఆవిడ దాని కింద నించోలేదు. కనపడకుండా చేసినవాణ్ణి నేనే. దాని వెనక ఏముందో తెలిసినవాణ్ణి కూడా నేనే. అయినా తలెత్తి చూస్తే నాకూ నున్నగానే కనపడేది. నేను వేసిన రంగుని నేనే నమ్మాను.

సర్వే జరిగిన ముప్పై తొమ్మిదో రోజు, తే. 28-07-2024 ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషములకు, మూడు రోజుల వాన మీద, వంటగది స్లాబు అడుగు పెచ్చు ఊడి పడినది. నాగరత్నం టీ పెడుతోంది. మా అమ్మాయి దుర్గాభవాని వెనక గదిలో జడ వేసుకుంటోంది. నేను ముందు గదిలో పేపరు చదువుతున్నాను. పడిన ముక్క కొలతలు: పొడవు రెండడుగులు, వెడల్పు అడుగున్నర, మందం మూడంగుళాలు. ఆసుపత్రి నుంచి వచ్చాక కొలిచానని అమ్మాయి అనుకుంటోంది. కాదు. అమ్మాయి ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తినప్పుడు కొలిచాను. జేబులో టేపు ఉంది, చెయ్యి దానంతట అది తీసింది. ఈ సంగతి అమ్మాయికి చెప్పలేదు. తమకు చెప్పుచున్నాను.

నాకు అప్పటి నుంచి ఏడుపు రాలేదు. ఇది ఫిర్యాదు కాదు, వివరము మాత్రమే.

6. సదరు నాగరత్నం అదే రోజు పదకొండు గంటలకు ఆసుపత్రిలో మరణించినది. రికార్డులలో కారణము ‘స్టూలు పైనుండి జారిపడుట’ అని నమోదై యున్నది. అది తప్పు. ఆ తప్పు ఆసుపత్రి వారిది కాదు. కాగితాలు రాసుకునే ఆయన నన్ను చాలా మర్యాదగా అడిగారు.

“ఇల్లు పాతదాండీ? పైనుంచి ఏదన్నా ఊడి పడిందా?”

“లేదండీ. ఇల్లు బాగానే ఉందండీ” అన్నాను.

“మరి తలకి అంత దెబ్బ?”

“స్టూలు మీంచి జారిందండీ.”

నాకు ఎవరూ నేర్పలేదు. అబద్ధం చెప్పాలని అనుకోలేదు కూడా. ఆయన పరాయి మనిషి, కాగితం పట్టుకుని ఉన్నాడు, ఇంటి గురించి అడిగాడు. అంతే. మా ఆవిడ లోపల ఉంది. నేను బయట నించుని మా ఇల్లు బాగుందని చెప్పాను. మా ఇంట్లో స్టూలు లేదు.

7. తే. 15-08-2024న జెండా పండుగ సందర్భముగా, ‘ఉత్తమ నిర్వహణ గల పాత కాలనీ’ అని మా కాలనీకి తమ పథకం తరపున ప్రశంసాపత్రము అందజేయబడినది. నాగరత్నం పోయి అప్పటికి పద్దెనిమిదో రోజు. పిలిచాక వెళ్ళకపోతే బాగుండదని నాగేశ్వరరావు గారు వెళ్ళారు. ఇస్తుంటే పుచ్చుకోకపోతే బాగుండదని పుచ్చుకున్నారు. తిన్నగా మా ఇంటికి వచ్చి, అద్దం కట్టించిన ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుని నించున్నారు. “నేనే వేయించానయ్యా సున్నం. నేనే” అని ఏడ్చారు. నేను ఆయనకి మంచినీళ్ళు ఇచ్చాను. ఆయన్ని ఓదార్చాలని తెలుస్తూనే ఉంది. వానకి గోడలు చెమ్మెక్కుతున్నాయండీ అన్నాను. సదరు ప్రశంసాపత్రము ఈ అర్జీతో వాపసు చేయబడుచున్నది.

8. సూచిక 2లోని అర్జీలో మా ఇళ్ళు బాగోలేవని, మళ్ళీ చూడవలసిందని వేడుకున్నాను. సూచిక 3లోని జవాబులో తమ కార్యాలయం వారు, ‘తమ గృహము ఎ గ్రేడులో నున్నందున పునఃపరిశీలన అవసరము లేదు, సాక్ష్యముగా సర్వే నాటి ఫోటో జతపరచడమైనది’ అని తెలియజేసినారు. జవాబు ఇచ్చినందుకు కృతజ్ఞుడను.

ఆ ఫోటోలో వంటగది గోడ, స్లాబు బాగా కనపడుచున్నవి. ఎక్కడా మచ్చ లేదు. కుడివైపు గుమ్మానికి ఆనుకుని ఒక మనిషి నవ్వుతూ ఉన్నది. సదరు మనిషి నాగరత్నం. ఫోటో తీస్తున్నారని కొంగు సర్దుకుంది, ఆ చెయ్యి కూడా పడింది. తరవాత ఆవిడని ఎవరూ ఫోటో తీయలేదు. అయితే తమరు పంపినది జిరాక్సు కావడం వలన నలుపు తెలుపులో వచ్చినది. ఆ రోజు ఆవిడ ఏ చీర కట్టుకుందో నాకు జ్ఞాపకం రావడం లేదు. నిమ్మపండు రంగులో సున్నం ఎంత, పసుపు ఎంత కలిపానో చెప్పగలను. చీర రంగు చెప్పలేను. అమ్మాయిని అడగడానికి మొహం చెల్లలేదు.

9. ప్రస్తుతము మా అమ్మాయి దుర్గాభవాని, డిగ్రీ రెండో సంవత్సరం, వెనక గదిలో పడుకొనుచున్నది. ఆ స్లాబుకి కూడా బీటలు ఉండేవి. నేనే పూడ్చాను. ఎక్కడెక్కడ ఉండేవో ఇప్పుడు ఎంత చూసినా పోల్చుకోలేకపోవుచున్నాను. వేరే చోట అద్దెకి చేరవచ్చు కదా అని తమ గుమాస్తా గారు సలహా ఇచ్చారు. మా ఇద్దరం వెళ్ళగలం. మిగతా యాభై ఏడు స్లాబులకి పుట్టీ పెట్టినది కూడా నేనే కదండీ. వాటి కింద మనుషుల్ని వదిలి నేను ఎలా వెళ్ళను?

ఈ అర్జీ చిత్తు ప్రతి అమ్మాయి చదివింది. టేపు సంగతి, చీర సంగతి అందులో లేవు, తరవాత చేర్చాను. “నాన్నా, అర్జీలో ఇవన్నీ రాయకూడదు. ఆఫీసరు గారికి అమ్మ గొడుగు సంగతి ఎందుకు?” అంది. కొట్టేస్తానన్నాను. మళ్ళీ అదే పేజీ తీసి చదివి, “ఉంచులే” అంది.

10. పదవ అంశము ఏమియు లేదు. అంకె వేసిన తరవాత అంతా చెప్పేశానని తెలిసినది.

కావున తమరు దయతో:

(అ) తే. 28-11-2024న జాబితా ముగియక మునుపే మా కాలనీని తిరిగి పరిశీలింపజేయవలెను. ఆ రోజు దాటితే మళ్ళీ అయిదేళ్ళ దాకా పథకం లేదని తెలిసినది. మా స్లాబులు అయిదేళ్ళు ఆగవు.

(ఆ) పరిశీలనకు వచ్చు తేదీ మాకు ఎంతమాత్రము తెలియనివ్వరాదు. తెలిస్తే మా వాళ్ళు మళ్ళీ సున్నం వేయిస్తారు. నన్నే పిలుస్తారు. నేను వెళ్ళనని హామీ ఇవ్వలేను.

(ఇ) నాగరత్నం మరణ కారణమును సరిదిద్దుటకు సంబంధిత అధికారులకు రాయవలెను. నష్టపరిహారము కోరడం లేదు. ఆవిడ జారిపడలేదని కాగితం మీద ఉంటే చాలు.

(ఈ) ఆ ఫోటో రంగుల ప్రతి ఒకటి ఇప్పించవలెను.

మా ఇళ్ళు బాగోలేవు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. మిగిలినదంతా ఒక్క పూటలో రాశాను. తమరు చదువుకున్నవారు, పదిమందిని చూసినవారు గనుక, ఈ రెండూ ఒకచోట పెట్టి చిత్తగించవలెను.

తమ విధేయుడు, తమ సర్వేని పాడుచేసినవాడు,
ముంగర జోగారావు,
ఇంటి నెం. 31, కొత్త కాలనీ.

జతపరచినవి: 1. ప్రశంసాపత్రము (అద్దముతో సహా). 2. సూచిక 3 జవాబు నకలు. ఫోటో జతపరచలేదు, నా దగ్గర ఉంచుకున్నాను.

తా.క. తేదీ: 15-11-2024.

అయ్యా, అర్జీ పంపే ముందు సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాను. అందుకే మూడు రోజులు ఆలస్యమైంది. ప్రభావతి అక్కకి చదువు రాదు, చిన్నకోడలి చేత చదివించుకుంది. ఆసుపత్రి దగ్గర నేనన్న మాట వచ్చినప్పుడు ఆ పిల్ల ఆగిపోయింది.  అక్క వేలిముద్ర వేసి, “తమ్ముడూ, సున్నం గీకెయ్” అంది. “నువ్వు వేసింది నువ్వే తీసెయ్. ఆయనొచ్చేసరికి ఉన్నదున్నట్టు కనపడాలి” అంది.

ఆ మాట కాలనీ అంతా పాకింది. నిన్నటి నుంచి గీకుతున్నాను. ముందు మా వెనక గది పట్టాను. అమ్మాయి తల పెట్టుకునే చోటికి సరిగ్గా పైన, మూరన్నర పొడవున బీట బయటపడింది. వేలు దూరుతోంది. అమ్మాయీ నేనూ చెరో పక్కా పట్టుకుని మంచం జరిపాం.  నాలుగు నెలల్లో నాకు ఏదన్నా అనిపించడం అదే మొదలు, భయం వేసింది. అది వేసినందుకు కొంచెం నయంగా ఉంది.

ఇవాళ ప్రభావతి అక్క ఇంటికి వెళ్ళాను. వెనక గది, వంటగది గీకాక ముందు గదిలోకి నిచ్చెన తెస్తుంటే అడ్డం వచ్చింది. “ఇది వదిలెయ్ తమ్ముడూ. ఆఫీసరు గారొస్తే ఎక్కడ కూర్చోబెడతాం? మనిషి కూర్చునే చోటన్నా శుభ్రంగా ఉండాలి కదా” అంది. తరవాతి ఇంట్లోనూ అదే మాట. ఆ తరవాతి ఇంట్లోనూ అదే. నాగేశ్వరరావు గారు కూడా అదే అన్నారు, తల దించుకుని అన్నారు. నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు. మా ముందు గది నేనూ గీకలేదు. యాభై ఎనిమిది ఇళ్ళలో ముందు గదులు అలాగే తెల్లగా ఉంటాయి.

కాబట్టి అయ్యా, తమరు వచ్చినప్పుడు ముందు గదిలో కుర్చీ వేసి, తుడిచి, కూర్చోమంటారు. బతిమాలతారు. కూర్చోకండి. నేరుగా వంటగదిలోకి రండి. నేనే గుమ్మంలో అడ్డం నించుని లోపలికి రావద్దంటే, నన్ను తోసేసి రండి.